చూసి వేసినది

దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. దేవుడు చాలడంటే మా ఇంటి అన్నం గిన్నె మీద ఒట్టు, నా కుడికన్ను మీద ఒట్టు, ఇన్నేళ్లుగా నేను అమ్మిన ప్రతి గింజ మీదా ఒట్టు. గింజల మీద ఒట్టంటే మాత్రం నంద్యాలలో కొందరు నవ్వుతారు. నేను విత్తనాల దుకాణం మనిషిని. ఆళ్ళగడ్డ, రుద్రవరం దాకా పల్లెలన్నీ తిరిగి రైతులకు గింజల గుణం చెప్పటం నా ఉద్యోగం. చెప్పేటప్పుడు ఆ గుణం కాస్త పెరుగుతుంది. మా గింజతో మొలిచిన మిరపచెట్టు ఎక్కి ఒక రైతు రుద్రవరం నుంచి అహోబిలం గోపురం చూశాడని ఒకసారి చెప్పాను. "నిచ్చెన కూడా మీరే ఇస్తారా, మేం తెచ్చుకోవల్లనా?" అని ఒక ముసలాయన అడిగాడు. అలాంటివాణ్ని కాబట్టే ఇంత గట్టిగా ఒట్టు పెట్టుకోవలసి వస్తోంది.

మొన్న మంగళవారం ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల వస్తూంటే నాపరాళ్ల లారీ ఒకటి నా బండి ముందు పోతోంది. దాని వెనక తలుపు మీద ఒక పక్షి. తల నలుపు, ఎద మీద సన్నటి తెల్లదండ, దండ కింద పొట్టంతా ఎరుపు. మూడు వానాకాలాల దుమ్మూ బురదా పట్టినా ఆ ఎరుపు దిగలేదు. డ్రైవరు చెయ్యి ఊపి దారి ఇచ్చినా నేను దాటలేదు. సిరివెళ్ళ దాకా ఆ లారీ వెనకే దుమ్ము మింగుతూ వచ్చాను. ఆ పక్షిని వేసిన మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయన పేరు చెప్పను. అబద్ధమంటే ఎంత చిరాకో, నా కథల్లో తన పేరు వినపడటమన్నా ఆయనకు అంతే చిరాకు. నంద్యాలలో లారీలకు బొమ్మలు వేసేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని. ఆయన నన్ను ఇత్తనాలప్పా అనేవాడు.

ఆయన ఎడమచేతి బొటనవేలి గోరు చూస్తే ఆ పూట ఏ లారీ పని నడుస్తోందో తెలిసేది. రంగు కలిపి, పుల్లతో చుక్క తీసి, ముందు ఆ గోరు మీద రాసుకుని, ఎండలోకి చెయ్యి చాచి, ఒక కన్ను మూసి చూసేవాడు. నచ్చితే తలుపు మీదికి, నచ్చకపోతే మళ్లీ డబ్బాలోకి. నమాజుకు పోయేముందు ఆ గోరును బ్లేడుతో గీకి గీకి తెల్లగా చేసుకునేవాడు. రంగు పొర ఉంటే గోటికి నీళ్లు తగలవనీ, తగలకుండా కడుక్కున్నాననటం కూడా అబద్ధమేననీ ఆయన లెక్క. అందువల్ల ఆ గోటి మీద నిన్నటి రంగు ఎవరూ చూసి ఉండరు.

ఆయనకు ఒక పట్టు ఉండేది. చూడనిదాన్ని వెయ్యడు. లారీల పనిలో ఇలాంటి పట్టు పెట్టుకున్నవాడు బతకటం కష్టం. ఓనర్లు అడిగేవన్నీ ఎవరూ చూడనివే.

ఒకసారి నేను అక్కడే ఉన్నాను. కొత్త లారీ ఓనరు ఒకాయన వచ్చి వెనక తలుపు మీద జంట హంసలు కావాలన్నాడు.

"హంసను చూసినావా నువ్వు?" అన్నాడు ఈయన, కుంచె ఆపకుండా.

"లేదన్నా."

"నేనూ చూళ్ళే. ఇద్దరమూ చూడందాన్ని తెచ్చి యాడ కూర్చోబెట్టేది? బాతులేస్తా. బాతుల్ని చూసినా."

"లారీ మీద బాతులేందన్నా? నవ్వుతారు జనం."

"నవ్వనీప్పా. నవ్వేటోడు ఎట్లాగూ పక్కకు జరుగుతాడు. నీకు హారన్ కొట్టే పని తప్పుతాది."

బాతులే వేశాడు. ఆ లారీ కుంట పక్కన ఆగితే నిజం బాతులు గట్టెక్కి వచ్చి దాని వెనక బారు కట్టాయని నేను చెప్తూంటాను. అది వేరే కథ, దాని మీద ఒట్టు లేదు.

ఇంకొక ఓనరు సింహం అడిగాడు. గర్జించే సింహం, నోరు ఇంత తెరిచి, పళ్లన్నీ కనపడాలి. ఈయన వారం గడువడిగి, తిరుపతి జూకు పోయి, కంచె బయట పొద్దంతా నిలబడి వచ్చి, పడుకున్న సింహాన్ని వేశాడు. కళ్లు మూసుకుని, దవడ ముందుకాళ్ల మీద పెట్టుకుని హాయిగా నిద్రపోతున్న సింహం.

"ఏందన్నా ఇది?" అన్నాడు ఓనరు, ఏడుపు గొంతుతో.

"నేను పోయినప్పుడు పండుకోనుండె. సాయంత్రం దాకా చూసినా. లేయలే."

ఆ లారీ ఇప్పటికీ ప్యాపిలి వైపు తిరుగుతోంది. దాన్ని సింహం లారీ అని ఎవరూ అనరు, నిద్ర లారీ అంటారు.

మిగతా పెయింటర్లు తలుపు కింది మూలన తమ పేరు, ఊరు, ఫోన్ నెంబరు రాసుకుంటారు. ఈయన అవేవీ రాసేవాడు కాదు. ప్రతి బొమ్మ కింద చిన్న అక్షరాలతో రెండే మాటలు పెట్టేవాడు: చూసి వేసినది. బాతుల కింద ఉంది, సింహం కింద ఉంది, ఎనుముల కింద, పాలపిట్ట కింద, నల్లమల కొండల కింద ఉంది. ఆ రెండు మాటలు చూస్తే చాలు, అది ఎవరి చేతి పనో ఇక్కడి డ్రైవర్లకు తెలిసిపోయేది. కొందరు డ్రైవర్లకు అదొక గర్వం. చాయంగడిలో ఏదైనా మాట మీద పందెం పడితే, "మా లారీ ఎనక రాసినంత నిజంరా" అనేవాళ్లు.

ఇలాంటి మనిషికి నాతో స్నేహం ఎలా కుదిరిందని చాలామంది అడిగారు. నాకూ సరిగ్గా తెలియదు. పల్లెల మీద తిరిగి వచ్చిన సాయంత్రాల్లో ఆయన షెడ్డుకు పోయి, తిరగేసిన రంగుడబ్బా మీద కూర్చుని ఆ రోజు చూసినవి చెప్పేవాణ్ని. పాము ఇంత పొడుగు అని చేతులు చాచేవాణ్ని. ఆయన నిచ్చెన దిగి వచ్చి, రంగు అంటకుండా మణికట్లతో నా రెండు చేతులనూ దగ్గరికి నెట్టేవాడు. ఆగి నా మొహం చూసేవాడు. ఇంకొంచెం నెట్టేవాడు. పాము సరైన పొడవుకు వచ్చిందనిపించాక మళ్లీ నిచ్చెన ఎక్కేవాడు. నేను ఆ కొలత దగ్గర కథ కొనసాగించేవాణ్ని. ఆయన అంచనా ఎప్పుడూ తప్పలేదు.

ఆ పక్షిని చూసిన రోజు ఇలాగే మామూలుగా మొదలైంది. రుద్రవరం దాటాక అడవి బాటల్లో "అగ్గి పెట్టరాదు" అని హెచ్చరిక బోర్డులు రాసే పని ఆయనకు వచ్చింది. నాకు ఆ వైపు పల్లెల్లో పని ఉంది. బండి నాది, డబ్బాలు ఆయనవి. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు, ఉదయం నుంచీ తుంపర. వాగు పక్కన వెదురు గుబురుగా పెరిగి పగలే చీకటి కమ్మినట్టున్న చోట రెండో బోర్డు రాశాడు. నేను పక్కన రాయి మీద కూర్చుని జొన్నరొట్టె తింటూ ఎలుగుబంటి కథ ఒకటి మొదలుపెట్టాను. కథలో ఎలుగుబంటి ఇంకా నిలబడనే లేదు, ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"కదలొద్దు."

"ఏందీ?"

"ఎడమపక్క. వంగిన బొంగు మీద."

నాకేం కనపడలేదు. కాసేపటికి ఎండుటాకు లాంటిదొకటి కనపడింది. గోధుమరంగు, కదలికే లేదు.

"ఎండుటాకును చూసి ఇంత హడావుడా అన్నా?"

"వీపు పెట్టి కూర్చోనుండాది. ఉండు, తిరుగుతాది."

తిరిగింది. నిదానంగా, ఎవరో పిలిస్తే ఇష్టం లేకుండా తిరిగినట్టు తిరిగింది. ఎండుటాకుకు ముందు పక్కంతా ఎరుపు. ఎద మీద తెల్లటి దండ. కంటి చుట్టూ నీలి వలయం, ముక్కు కూడా ఆ నీలమే. తోక పొడవుగా జారి, చివర కత్తిరించినట్టు తెగింది. నేను రొట్టె నమలటం ఆపాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. చెవి పెట్టి వింటే, "సిగ్నల్ రెడ్డుకు తెలుపు చెంచాడు, పసుపు చుక్క" అని రంగు లెక్క కట్టుకుంటున్నాడు.

నా ఫోను తుంపరకు తడవకుండా కవర్లో చుట్టి సంచి అడుగున పెట్టి ఉంచాను. చెయ్యి అటు పోనిచ్చాను. ఆయన పట్టు బిగించాడు.

"సంచి కదిపితే పోతాది. ఫోటో వద్దు, చూడు. సాక్షివి నువ్వుండావు కదా."

సాక్షివి నువ్వుండావు కదా అన్నాడు. నన్ను చూసి ఆ మాట అన్న మనిషి నా జీవితంలో ఆయన ఒక్కడే.

బీడీ సగం కాలినంత సేపు కూర్చుంది. మధ్యలో ఒక్కసారి ఎగిరి, ఆకు మీది పురుగును గాలిలోనే అందుకుని, అదే బొంగు మీదికి వచ్చి వాలింది. తరవాత వెదురు లోపలికి జారిపోయింది. వచ్చినప్పటి నుంచి పోయేదాకా గొంతు విప్పలేదు. ఆకుల మీది నుంచి నీళ్లు బొట్లు రాలే చప్పుడు తప్ప అక్కడ వేరే చప్పుడు లేదు.

ఆయన బోర్డు పని పక్కన పెట్టి డబ్బా మూతలో రంగు కలిపాడు. గోరు మీద రాశాడు, తుడిచాడు. మళ్లీ కలిపాడు. ఐదోసారికి తల ఊపాడు. ఆ రంగు ఆరేదాకా చెదరకూడదు కదా, ఆళ్ళగడ్డ దాకా నా వెనక కూర్చుని బొటనవేలు పైకెత్తి పట్టుకునే వచ్చాడు. దారిలో ఎదురైనవాళ్లు తమను మెచ్చుకుంటున్నాడనుకుని వాళ్లూ బొటనవేళ్లు ఎత్తారు. ఒక ట్రాక్టరు డ్రైవరైతే మురిసిపోయి ఆగి దండం పెట్టాడు.

ఆ నెలలో మూడు లారీల మీదికి ఆ పక్షి ఎక్కింది. మూడింటి కింద రెండు మాటలూ ఉన్నాయి. యాడిదన్నా ఈ పక్షి అని ఎవరైనా అడిగితే, "మన నల్లమలదే. చూసినా" అనేవాడు. అక్కడితో ఆపేవాడు. మిగతాది జనం నా దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు. నేను ఆపేవాణ్ని కాదు. నా నోట్లో ఆ పక్షి తోక ఒక మూర అయింది, తరవాత రెండు మూరలైంది. షెడ్డులో ఆయన ముందు చెప్పినప్పుడు తోకను దగ్గరికి నెట్టి సరిచేశాడు. తరవాత నేను కూత చేర్చాను. పిల్లనగ్రోవి ఊదినట్టు కూసిందనీ, వాగు కూడా ఆగి విన్నదనీ చెప్పాను. కూతను మణికట్లతో నెట్టటానికి ఆయనకు వీలు కాలేదు.

"కూత యాడిదప్పా?" అన్నాడు.

"రుచికి అన్నా. మూగపక్షి అంటే ఎవరు వింటారు?"

"రుచికి కూరలో ఉప్పేసుకో. దాని గొంతులో ఎందుకేస్తాండావు?"

నవ్వాను. ఆయనా కొంచెం నవ్వాడనే గుర్తు.

కొన్నాళ్లకు పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లు రుద్రవరం వచ్చారు. వాళ్లలో కళ్లద్దాల అమ్మాయి ఒకతె లారీ మీద ఈ బొమ్మ చూసి, డ్రైవరును ఆపి అడిగి, ఈయనకు కబురు పెట్టింది. చూసిన మనిషి వచ్చి చెప్తే రాసుకుంటామంది. ఈయన పెట్టె అడుగు నుంచి తెల్లచొక్కా తీశాడు. రేకుముక్క మీద ఆ పక్షిని దాని అసలు కొలతలో వేసి కాగితంలో చుట్టుకున్నాడు. అంత సంబరంగా ఆయన్ను నేను వాళ్ల కూతురి నిఖాలో కూడా చూడలేదు. నన్ను కూడా రమ్మన్నాడు.

"నువ్వు తోడు చూసినావు కదా. ఇద్దరు చెప్తే గట్టిగా ఉంటాది."

వాళ్లు దిగిన బంగళాలో ఆ అమ్మాయి ముందు ఆయన్ను లోపలికి పిలిచింది. నేను వసారాలో కూర్చున్నాను, మాటలన్నీ వినపడుతున్నాయి. ఆమె లావుపాటి పుస్తకం ఇచ్చింది. ఆయన ఒక్కొక్క పేజీ తిప్పి, ఒకచోట ఆగాడు.

"ఇదేనమ్మా. కానీ అచ్చులో ఎరుపు తప్పు కొట్టినారు. పసుపు పడలే."

ఆ అమ్మాయి నవ్వింది. తరవాత ఆమె గొంతు మారింది. దాన్ని ట్రోగన్ అంటారనీ, తడి ఆరని దట్టమైన అడవుల్లో, కేరళ వైపు ఉండే పక్షి అనీ, ఈ కొండల జాబితాలో తాము ఇంతవరకూ రాసుకోలేదనీ చెప్పింది. "నిజమైతే పెద్ద విషయం పెద్దాయనా. ఊరికే రాయలేను. మీతో ఇంకెవరైనా చూశారా?"

ఆయన బయటికి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చూసినంతే చెప్పప్పా."

నేను లోపలికి పోయాను, ఆయన వసారాలో నా కుర్చీలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి అడిగినవాటికన్నిటికీ సరిగ్గానే చెప్పాను. ఏ వాగు, ఏ వేళ, వీపు పెట్టి కూర్చుందా ఎదురుగానా, ఎన్నిసార్లు ఎగిరింది, కంటి చుట్టూ ఏ రంగు. అన్నీ ఆయన చెప్పినట్టే వస్తున్నాయి. ఆమె కలం చకచకా పరుగెత్తుతోంది. నా జీవితంలో అంతసేపు వరుసగా నిజం చెప్పటం అదే మొదలు, నోరు చప్పబడిపోయింది.

"ఏమైనా కూసిందా?" అంది ఆమె తల ఎత్తి.

జవాబు నాకు తెలుసు. ఒక్క మాట. కానీ ఆమె అద్దాల వెనక కళ్లు ఇంత పెద్దవి చేసుకుని చూస్తోంది, అంత ఆశగా చూసేవాళ్ల ముందు ఉత్త చేతులతో నిలబడటం నాకు అలవాటు లేదు.

"కూసిందమ్మా. పిల్లనగ్రోవి మాదిరి. మూడుసార్లు."

కలం ఆగింది.

"ఆయన అసలు శబ్దమే చెయ్యలేదన్నారే?"

అక్కడన్నా వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు.

"ఆయనకు చెవి కొంచెం తక్కువమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఆయన్ను పిలవటానికి గొంతు పెంచనక్కరలేకపోయింది. ఆయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, పక్షి కూసిందా?"

"కూయలేదమ్మా."

ఆమె ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పుస్తకం మూసింది. "ఇద్దరి మాటా కలవలేదు. నేను రాసుకోలేను, ఏమీ అనుకోకండి" అంది. మర్యాదగానే అంది. ఆయన కాగితం విప్పి రేకుముక్క బల్ల మీద పెట్టాడు.

"ఇదన్నా పెట్టుకోమ్మా. చూసి వేసినదే."

"బొమ్మను సాక్ష్యం కింద తీసుకోము పెద్దాయనా."

ఆయన రేకును మళ్లీ కాగితంలో చుట్టాడు. మడతలు మునుపటి గీతల మీదే పడేట్టు నిదానంగా చుట్టాడు. ఆళ్ళగడ్డ దాకా నా వెనక కూర్చునే వచ్చాడు. ఊళ్లోకి రాగానే బండి ఆపమన్నాడు.

"బస్సులో పోతాలేప్పా."

"ఎందుకన్నా? ఇంటికాడ దించుతా."

ఆయన దిగి, చొక్కా సరిచేసుకుని, నా మొహంలోకి చూసి అడిగాడు. "నా చెవి తక్కువా అప్పా?"

కోపంగా అడగలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. నేను ఏదో జోకు వేశాను. ఏం జోకో గుర్తు లేదు.

ఈ సంగతి నంద్యాలకు మాకంటే ముందే చేరింది. బంగళాలో వంటచేసే అతను ఒక డ్రైవరుకు చెప్పాడట. చాయంగళ్లలో కొత్త మాట పుట్టింది: "ఇది చూసి వేసిందా అన్నా, ఇని వేసిందా?" ఇన్నేళ్లు హంసలు వెయ్యని మనిషి చివరికి లేని పక్షిని వేశాడని, ఆ ఇత్తనాలాయన సావాసంలో ఇంకేం జరుగుతుందని అనుకున్నారు. నేను నాలుగుచోట్ల గట్టిగా వాదించాను. నేను వాదించినకొద్దీ జనానికి అనుమానం పెరిగింది.

ఒక సాయంత్రం షెడ్డులో ఉన్నాను. పక్షి ఉన్న మూడు లారీల్లో ఒకదాని ఓనరు వచ్చాడు. మంచివాడు, ఈయనంటే గౌరవం ఉన్నవాడు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"పక్షి బాగుందన్నా. పక్షిని ఏమనొద్దు. కింద ఆ రెండు మాటలే తీసేయరాదా?"

"ఎందుకు?"

"యాడ ఆపినా అదే ఎత్తుతాండారు. నా డ్రైవరు కొట్లాటకు పోతాండాడు."

ఆయన గుడ్డపీలిక థిన్నరులో ముంచి, లారీ వెనక్కి పోయి, వంగి, ముందు "వేసినది" తుడిచాడు. "చూసి" దగ్గర కొంచెంసేపు ఆగాడు. తరవాత అదీ తుడిచాడు. మిగతా రెండు లారీలకూ ఆయనే కబురు పంపించి తుడిచేశాడు. ఆ తరవాత ఏ బొమ్మ కిందా ఆ మాటలు రాయలేదు. ఇంటి ముందు రోజూ చూసే ఎనుమును వేసినా, కింద ఖాళీగా వదిలేశాడు.

నాతో మాట్లాడటం మానలేదు. చాయ్ తెప్పించేవాడు, డబ్బా తిరగేసి కూర్చోమనేవాడు. నేను కథలు చెప్పేవాణ్ని. పాము ఇంత పొడుగు అని చేతులు చాచేవాణ్ని. ఆయన నిచ్చెన మీది నుంచి తల ఊపి, "అవునా" అని మళ్లీ పనిలో పడేవాడు. చాచిన చేతుల్ని ఎక్కడ ఆపాలో నాకు తెలిసేది కాదు.

తరవాత ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇన్నేళ్ల రంగు వాసనలన్నీ లోపలే ఉన్నాయన్నారు డాక్టర్లు. ఆళ్ళగడ్డలో ఉన్న కూతురు తమ ఇంటికి తీసుకుపోయింది.

ఒక బుధవారం నేను చూడటానికి పోయాను. ఆ కూతురు స్టూలు తెచ్చి మంచం పక్కన వేసింది. మనిషి సగమయ్యాడు. గోరు తెల్లగా ఉంది.

"అన్నా, ఒక మాట చెప్పల్లని వచ్చినా" అన్నాను. "అది కూయలేదు."

"నాకు తెలుసుగా" అన్నాడు.

"నాకూ తెలుసు. నాకు తెలుసని చెప్పేదానికే వచ్చినా."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ కళ్లద్దాల పాపకు చెప్పినావా?"

"చెప్తా. జాబు రాస్తా."

"తోక ఎంతుండె, చెప్పు."

చేతులు చాచాను. ఆయన మణికట్లు ఎత్తి నా చేతుల్ని దగ్గరికి నెట్టాడు. ఆగి చూశాడు. ఇంకొంచెం నెట్టాడు. తరవాత కూతుర్ని పిలిచి కుంచె అడిగాడు. మంచం కింది నుంచి కాగితం చుట్టిన రేకు తీయించి, పక్షి కింద ఆ రెండు మాటలూ రాశాడు. చివరి అక్షరం జారింది. దాన్ని దిద్దలేదు.

ఇక ఒప్పుకోవాలి. మొదట్లో పెట్టిన ఒట్టు ఆ కూతురి ఇంటి గుమ్మం బయటి దాకానే చెల్లుతుంది. గుమ్మం లోపల జరిగినదంతా నేను కల్పించాను. స్టూలు, మణికట్లు, కుంచె, జారిన అక్షరం, అన్నీ. ఆ ఇంటి లోపల మంచం ఏ పక్కన ఉండేదో కూడా నాకు తెలియదు.

బుధవారం ఆళ్ళగడ్డ పోయిన మాట నిజం. చెప్పాలనే పోయాను. బస్సు దిగాను. నాలుగు రోడ్ల దగ్గర చాయ్ చెప్పాను. అక్కడి నుంచి ఆ ఇల్లు రెండు వీధులే. నాపరాళ్ల లారీ డ్రైవర్లు ఇద్దరు నన్ను గుర్తుపట్టారు.

"ఏమప్పా, యాడికి? ఆ ఎర్రపక్షి కథ చెప్పిపోరాదా? ఈడు కొత్తోడు, ఇనలే."

టైముంది కదా అని మొదలుపెట్టాను. పదిమంది చేరారు. బల్ల మీద నాకు చోటు చేసి రెండో చాయ్ పోయించారు. కథ అయ్యేసరికి నంద్యాల బస్సు వచ్చి ఆగి ఉంది. మళ్లీ వారం వద్దామనుకుని ఎక్కేశాను. నాలుగోరోజు ఆయన పోయాడు. పోయి మట్టి వేసి వచ్చాను.

ఆ బుధవారం చాయంగడిలో చెప్పినప్పుడు కూడా పక్షి కూసింది. నాలుగుసార్లు.